ముంబై నుంచి గోవాకు తెరచాప పడవలో వెళ్ళొచ్చిన ముచ్చట, అడిగేవాళ్ళు అడగండి

మగ్గంగుంత, గట్టుప్పల్:
ఇక్కడ మన గ్రూపులో రోజూ నాగార్జున సాగర్‌లో నీళ్ళు ఎన్ని అడుగులున్నాయి, నిండు మట్టం 590కి ఎప్పుడొస్తాయి, గేట్లు ఎప్పుడెత్తుతారు అనే ముచ్చటే కదా, ఈసారి ఉప్పు నీళ్ళ ముచ్చట చెప్తాను. మొన్న డిసెంబర్‌లో ముంబై నుంచి గోవా దాకా 34 అడుగుల తెరచాప పడవలో వెళ్ళొచ్చాను. మనుషులం నలుగురం. ఓడల్లో పని చేసి రిటైరైన పెద్దాయన కెప్టెన్, పుణే నుంచి వచ్చిన మొగుడూ పెళ్ళాలిద్దరు, నేను. సముద్రం దారిలో దాదాపు 220 నాటికల్ మైళ్ళు, మన లెక్కలో 400 కిలోమీటర్ల పైమాట. కారులో అయితే పొద్దున బయల్దేరి రాత్రికి చేరతాం. మాకు ఐదు రోజులు పట్టింది.

నేనెట్ల దూరానంటే, మా బాబాయి వాళ్ళు ముప్పై ఏళ్ళ కింద ముంబై పక్కన భివండీ పోయి పవర్‌లూమ్‌ల దగ్గర స్థిరపడ్డారు. మన చండూరు, గట్టుప్పల్ వైపు ఏ పద్మశాలీల ఇంట్లో అడిగినా భివండీలోనో సూరత్‌లోనో ఒక మనిషి ఉంటాడు, తెలిసిందే. సెలవులకి వాళ్ళింటికి పోయినప్పుడల్లా ముంబై గేట్‌వే దగ్గర లంగరేసిన పడవలు చూస్తూ నిలబడేవాణ్ణి. తర్వాత హైదరాబాద్‌లో ఉద్యోగం, హుస్సేన్ సాగర్‌లో రెండేళ్ళు ఆదివారాలు చిన్న పడవ నేర్చుకున్నాను. అక్కడ పరిచయమైన వాళ్ళ ద్వారా ఈ కెప్టెన్ దొరికాడు. పడవ గోవా చేర్చాలి, చేతులు కావాలి, తిండి ఖర్చు పంచుకోవాలి, ఇదీ ఒప్పందం.

మొదటి రోజు పొద్దున 6కి తాడు విప్పాం. ముంబైలో అమావాస్యకీ పున్నమికీ ఆటుపోట్ల మధ్య నీళ్ళు 4 మీటర్ల పైనే లేచి దిగుతాయి, కాబట్టి బయల్దేరే టైం మన ఇష్టం కాదు, నీళ్ళు బయటికి లాగే టైం చూసుకోవాలి. సాయంత్రానికి మురుద్ దగ్గర జంజీరా కోట పక్కన లంగరేశాం. కోట నీళ్ళ మధ్యలో ఉంటుంది, మరాఠాలు ఎన్నిసార్లు వచ్చినా ఆ కోటనేలిన సిద్దీల చేతిలోంచి తీసుకోలేకపోయారు. చీకట్లో ఆ నల్లటి గోడ చూస్తూ జొన్నరొట్టె, అల్లం తొక్కు తిన్నాం. మిగతాది నిదానంగా రాస్తాను.

బియ్యంమిల్లు, మిర్యాలగూడ:
అన్నా, ముందు ఒకటి చెప్పు. ఈత వచ్చా నీకు?

మగ్గంగుంత, గట్టుప్పల్:
ఊరి బాయిలో సొరకాయ బుర్ర కట్టుకొని నేర్చుకున్న ఈత. అది అక్కడ పనికిరాదు తమ్ముడూ. పడవ 5 నాట్ల వేగంతో పోతుంటే, అంటే గంటకి 9 కిలోమీటర్లు, నువ్వు పడ్డావని వెనక ఉన్నవాడు చూసి అరిచేలోపే తల కొబ్బరికాయంత కనపడుతుంది. అందుకే రాత్రిపూట లైఫ్‌జాకెట్‌కి ఒక పట్టీ, ఆ పట్టీ కొక్కెం పడవ పొడుగునా లాగి కట్టిన నవారు లాంటి దానికి. ఉచ్చ పోయడానికి లేచినా కొక్కెం తగిలించుకునే లేవాలి. కెప్టెన్ మొదటి రోజే చెప్పిన రూలు: ‘పడకుండా ఉండటమే ఈత.’

లెక్కలసారు, దేవరకొండ:
గాలి ఎటు వీస్తే అటు పోవడం అర్థమైంది. కానీ గాలికి ఎదురు కూడా పోతాయంటారు, అదెట్ల? పిల్లలు అడిగితే చెప్పలేక తప్పించుకున్నాను ఒకసారి.

ఇంజిన్‌రూం, కల్వకుర్తి:
సారూ, నేను సరుకు ఓడల్లో 22 ఏళ్ళు ఇంజిన్ దగ్గర ఉన్నవాణ్ణి, తెరచాప నా సబ్జెక్టు కాదు గానీ ఇది చెప్పగలను. సీతాఫలం తిని తడి గింజను రెండు వేళ్ళ మధ్య నొక్కండి. వేళ్ళు పక్కల నుంచే నొక్కుతాయి, గింజ మాత్రం ముందుకు దూకుతుంది. ఒక వేలు తెరచాప మీది గాలి. రెండో వేలు పడవ కింద నీళ్ళలోకి రెక్కలాగా దిగి ఉండే కీల్. గాలి పక్కకి తోస్తుంది, కీల్ పక్కకి జారనివ్వదు, ఇక మిగిలిన దారి ముందుకే. అయితే ముక్కుకి సూటిగా వచ్చే గాలిలోకి ఏ పడవా పోదు, అటొక 45 డిగ్రీలు ఇటొక 45 డిగ్రీలు, ఘాట్ రోడ్డు ఎక్కినట్టు మెలికలు తిరుగుతూ పోవాలి. ఆ కీల్‌లోనే సీసమో ఇనుమో బరువు పోసి ఉంటుంది, అందుకే ఒరిగినా మళ్ళీ లేస్తుంది. మగ్గంగుంత తమ్ముడికి అదృష్టం ఏమంటే ముంబై నుంచి గోవాకి ఆ కాలంలో గాలి వెనక నుంచే. అదే పడవని తిరిగి ముంబై తెమ్మంటే అప్పుడు తెలుస్తుంది.

లెక్కలసారు, దేవరకొండ:
సీతాఫలం గింజ బాగుంది. రేపే క్లాసులో చేయిస్తాను, చొక్కాలు పాడవుతాయి, కానివ్వండి.

పుట్టి_మక్తల్:
మా దగ్గర పంచదేవ్‌పహాడ్ నుంచి కురువాపురం గుడికి పుట్టిలో, అంటే గుండ్రటి బుట్ట పడవలో, కృష్ణ దాటిస్తారు. దానికి ముందూ లేదు వెనకా లేదు, గుండ్రంగా తిరుగుతూనే పోతుంది, తెడ్డేసే మనిషికి మాత్రం తెలుసు ఎటు పోతుందో. వరదలో అయితే ఎగువకి చాలా దూరం నడిచి పుట్టి వదులుతారు, నది దాటేసరికి సరిగ్గా గుడి దగ్గర తేలుతుంది. మీ ఘాట్ రోడ్డు లెక్క వింటే అదే గుర్తొచ్చింది. మాకు కీల్ లేదు, కింద ఇదివరకు తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా. గంతే.

టీచరమ్మ, పాలమూరు:
వాంతుల గురించి ఎవరూ అడగరేం? నాకు మన్ననూరు ఘాట్‌లో బస్సెక్కితేనే తల తిరుగుతుంది. ఇంకోటి, పుణే ఆవిడ సంగతి చెప్పండి. బాత్రూం ఎట్ల, నిద్ర ఎట్ల. మా స్కూల్లో ఆడపిల్లలకి తారిణి పడవ గురించి చెప్పాను, నేవీలో ఆరుగురు ఆడ ఆఫీసర్లు 2017 సెప్టెంబర్‌లో గోవా నుంచి బయల్దేరి 2018 మేలో భూమి చుట్టి వచ్చారు, అందులో ఐశ్వర్య బొడ్డపాటి మన హైదరాబాద్ అమ్మాయే. అందరూ విన్నారు, చివర్లో ఒక పిల్ల లేచి అడిగింది, ‘మేడం, వాళ్ళకి బాత్రూం ఉందా’ అని. నా దగ్గర జవాబు లేదు.

మగ్గంగుంత, గట్టుప్పల్:
మేడం, ఆ పిల్ల అడిగిందే అసలు ప్రశ్న. మా పడవలో ఉంది. అల్మారా అంత గది, తలుపు వేస్తే మోకాళ్ళు తలుపుకి తగులుతాయి. చేతి పంపు ఉంటుంది, సముద్రం నీళ్ళే లోపలికి లాగి కొట్టాలి, బోరింగ్ కొట్టినట్టే. కొట్టాక వాల్వ్ మూయాలి, మరిచిపోతే సముద్రం లోపలికి వస్తుంది, ఇది తమాషాకి అనడం లేదు. మొదటి రోజు మరిచిపోయింది నేనే, కెప్టెన్ తిట్టిన తిట్లు ఏ భాషవో ఇప్పటికీ తెలియదు. పుణే అక్క మా అందరికంటే గట్టిది, నాకు వాంతులైన పూట నా వంతు కూడా చుక్కాని పట్టింది.

అవును, అయ్యాయి. రెండో రోజు మురుద్ నుంచి జయగఢ్ పోతుంటే, 60 నాటికల్ మైళ్ళు, వెనక నుంచి అల ఎత్తి పక్కకి తోసి దింపుతుంది, ఎత్తి పక్కకి తోసి దింపుతుంది, అదే పని. టీ పెట్టడానికని లోపలికి దిగాను. స్టవ్ ఊయలలాగా వేలాడుతుంది, పడవ ఒరిగినా గిన్నె ఒలకదు, దాన్ని రెండు నిమిషాలు చూశాను అంతే, పొద్దున తిన్న ఉప్మా బయటికొచ్చింది. మందు ఏంటంటే పైకొచ్చి దూరంగా ఆకాశం నీళ్ళు కలిసే గీతను చూడటం, చేతికి ఏదో పని పెట్టుకోవడం, అల్లం ముక్క నములుతూ ఉండటం. బిళ్ళ వేసుకుంటే బయల్దేరకముందే వేసుకోవాలి, వాంతయ్యాక వేసుకుంటే బిళ్ళ కూడా బయటికే. మూడో రోజుకి తగ్గిపోయింది, అయితే గోవాలో దిగాక రెండు రోజులు హోటల్ మంచం ఊగింది.

గాలి సంగతి చెప్పాలి. చలికాలంలో ఆ తీరానికి గాలి టైంటేబుల్ ఉంటుంది. పగలు నేల వేడెక్కుతుంది, మధ్యాహ్నం దాటాక సముద్రం మీది నుంచి వాయవ్యం గాలి లేస్తుంది, 10 నుంచి 15 నాట్లు, పడవకి అదే పండగ. పొద్దు గూకగానే పడిపోతుంది. నడిరాత్రి దాటాక నేల చల్లబడి తూర్పు నుంచి, ఊళ్ళ మీది నుంచి మెల్లగా వస్తుంది, గాలి కంటే ముందు వాసన వస్తుంది, కట్టెల పొయ్యి పొగ, ఎండు చేపలు. మళ్ళీ పొద్దున పూట మూడు గంటలు ఏ గాలీ ఉండదు, ఎండలో కూచొని ఇంజిన్ పెట్టాల్సిందే. జూన్ వస్తే ఈ టైంటేబుల్ అంతా పోతుంది, నైరుతి గాలి వచ్చి కూచుంటుంది, పడవలన్నీ ఒడ్డెక్కుతాయి.

ఇక నాకు బాగా నచ్చింది గుడ్డ. నవ్వకండి. జయగఢ్‌లో లంగరేసి ఖాళీగా ఉన్నప్పుడు పెద్ద తెరచాపని చేత్తో పట్టుకొని చూస్తున్నాను. పాలిస్టర్ నేత, ఇంత దగ్గర నేత నేనెప్పుడూ చూడలేదు, గోరు కూడా దిగదు. నేసినాక జిగురు పట్టించి, వేడి రోలర్ల మధ్య నొక్కి సందులు మూసేస్తారట, మనం పడుగుకి గంజి పెట్టినట్టు. తెరచాపకి వెనక అంచు వెంబడే లాగుడు ఎక్కువ. పేక పోగులు ఆ అంచు వెంబడి పోయేటట్టు గుడ్డ పట్టీలను అడ్డంగా కుట్టారు, పైగా ఇందులో పడుగు కంటే పేకే బలం. కెప్టెన్‌ని అడిగాను, అందుకే ఇట్ల కోశారా అని. ఆయన నన్ను పైకీ కిందికీ చూసి, నలభై ఏళ్ళలో ఈ మాట నన్నెవరూ అడగలేదు, నువ్వేం చేస్తావు అన్నాడు. సాఫ్ట్‌వేర్ అన్నాను. అమ్మా నాన్న మగ్గం అన్నాక నమ్మాడు.

ఆ మర్నాడు రెండు తాళ్ళు కలపాలి, ఒకటి లావు ఒకటి సన్నం. కెప్టెన్ ముడి వేసి చూపిస్తున్నాడు, దీన్ని షీట్ బెండ్ అంటారు అని. ఈ పడవల్లో షీటు అంటే తెరచాప కాదు, దాన్ని బిగించే తాడు, అదొక గోల. ఆయన వేళ్ళు సగంలో ఉండగానే నేను వేసేశాను. పడుగులో పోగు తెగితే మా అమ్మ చూడకుండానే వేసే ముడి అది, ఒక్క తేడా లేదు.

నూనెరుమాలు, పుట్టపాక:
గుడ్డ మాట వచ్చింది కాబట్టి ఒక్క మాట. మన తేలియా రుమాళ్ళు ఓడలెక్కి అరబ్బు దేశాలకి పోయిన సరుకే. ఆముదం కాయల బూడిదా నూనే కలిపి నానబెట్టిన నూలు, ఎండకి తల చల్లగా ఉంచుతుందని అక్కడివాళ్ళు చుట్టుకునేవారు. సముద్రం చూడని ఊళ్ళో నేసిన గుడ్డ సముద్రం దాటింది, నేసినోడు దాటలేదు. నువ్వు దాటావు, సంతోషం.

ఉన్నమాట, నకిరేకల్:
అంతా బాగుంది గానీ ఇది డబ్బున్నోళ్ళ ఆట కాదా? బత్తాయి తోటలు ఎండుతుంటే పడవ షికార్ల కథలు.

మగ్గంగుంత, గట్టుప్పల్:
పడవ డబ్బున్నోళ్ళదే, కాదనను. నాది కూలి లేని కూలి పని. నాకైన ఖర్చు బస్సు చార్జీలు, తిండి వాటా, ఒక వానకోటు. తోటల సంగతికి వేరే చోట మాట్లాడుకుందాం అన్నా, నేనూ వస్తాను.

ఇప్పుడు అసలు రాత్రి సంగతి. ఇన్ని రోజులు రాయకుండా సాగదీశాను.

నాలుగో రోజు సాయంత్రం విజయదుర్గ్ నుంచి బయల్దేరాం, రాత్రంతా నడిపితే పొద్దున్నే గోవా. మూడు గంటలకొకరు కాపలా. నా వంతు 12 నుంచి 3. మాల్వన్ దాటి వెంగుర్లా వైపు పోతున్నాం, గాలి లేదు, ఇంజిన్ మీద. చందమామ లేదు. పడవ వెనక నీళ్ళు ఆకుపచ్చగా వెలుగుతున్నాయి, నీళ్ళల్లో ఉండే సన్నటి జీవులవి, కదిలిస్తే వెలుగుతాయి. నేను అది చూస్తూ కూచున్నాను. ముందు ఎడమవైపు ఎర్రగా మినుకు మినుకుమంటూ చిన్న దీపం కనపడింది. దూరంగా ఒడ్డున ఏ సెల్ టవరో అనుకున్నాను. దగ్గర దీపానికీ దూరం దీపానికీ రాత్రి నీళ్ళ మీద తేడా తెలియదు, తెలియనప్పుడు కెప్టెన్‌ని లేపాలి, అది కూడా రూలే. లేపలేదు. ఇంత చిన్నదానికి లేపడమెందుకని.

పది నిమిషాల తర్వాత ఇంజిన్ గొంతు మారింది, ఎవరో పీక పట్టుకున్నట్టు. ఆగిపోయింది. వల. పడవని తోసే ఫ్యానుకి చుట్టుకుంది.

కెప్టెన్ పైకొచ్చి ముందు మ్యాప్ చూశాడు, తర్వాత వెంగుర్లా రాళ్ళ మీది లైట్‌హౌస్ చూశాడు. గాలి లేదు, అల మాత్రం ఒడ్డు వైపే తోస్తోంది, చాలా మెల్లగా. అప్పటిదాకా నాకు ఒడ్డు దీపాలు కనపడుతుంటే ధైర్యంగా ఉండేది. ఆయన నడుముకి తాడు కట్టుకొని, కళ్ళద్దాలు పెట్టుకొని, కత్తి నోట్లో కరుచుకొని నీళ్ళల్లోకి దిగాడు, 60 దాటిన మనిషి. నేను టార్చ్ పట్టుకున్నాను, నా చెయ్యి వణికి వెలుగు కూడా వణుకుతోంది. నలభై నిమిషాలు కోశాడు. చేతులు చీరుకుపోయాయి. మధ్యలో తూర్పు గాలి లేచింది, తెరచాప ఎత్తి రాళ్ళకి దూరంగా జరిగాం. పొద్దున 9కి గోవా అగ్వాదా లైట్‌హౌస్ కనపడింది.

ఇంజిన్‌రూం, కల్వకుర్తి:
ఓడల్లో ఈ మాట మొదటి ఏడాదే నేర్పుతారు. నడి సముద్రంలో తుఫాను వచ్చినా చుట్టూ జాగా ఉంటుంది. ఒడ్డు దగ్గర ఇంజిన్ ఆగితే జాగా ఉండదు. అయినా బాగా బయటపడ్డారు తమ్ముడూ.

బియ్యంమిల్లు, మిర్యాలగూడ:
అన్నా చదువుతుంటేనే చెమటలు పట్టాయి. కెప్టెన్‌కి దండం.

వలలమనిషి, వైజాగ్ కాలనీ:
అందరూ కెప్టెన్‌కి దండాలు పెడుతున్నారు. వల ఎవరిదో ఒక్కరూ అడగలేదు.

మా తాతలు సాగర్ డ్యామ్ కట్టినప్పుడు విశాఖ వైపు నుంచి ఇక్కడికి వచ్చారు, మా కాలనీకి ఆ పేరు అందుకే. నేను పుట్టింది కృష్ణ ఒడ్డునే, సముద్రం రెండుసార్లు చూశాను. కానీ వల ఎక్కడైనా వలే. సాయంత్రం వేసి, బెండ్లు కట్టి, చివర దీపం పెట్టి, పొద్దున తీద్దామని ఇంటికొచ్చి పడుకుంటాం. పొద్దున పోతే సగం వల ఉంటుంది. లాంచీ పోయిందో, షికారు పడవ పోయిందో, ఎవడూ ఆగి చెప్పడు. మీకు నలభై నిమిషాలు టెన్షన్. అతనికి అప్పు తీరేదాకా టెన్షన్. నువ్వు చూసిన ఎర్ర దీపం సెల్ టవర్ కాదు తమ్మీ, అది అతను పెట్టిన దీపం. నీలాంటోడి కోసమే పెట్టాడు.

ఉన్నమాట, నకిరేకల్:
ఇదీ ఉన్నమాట.

ఇంజిన్‌రూం, కల్వకుర్తి:
వలలమనిషి అన్నదాంట్లో తప్పు లేదు, రూలు కూడా అదే. 1972 అంతర్జాతీయ సముద్ర నిబంధనల్లో ఇంజిన్ ఓడ తెరచాప పడవకి దారివ్వాలి అని ఉంది, అది అందరికీ గుర్తుంటుంది. దాని కిందనే, తెరచాప పడవ చేపలు పడుతున్న పడవకి దారివ్వాలి అని ఉంది, అది ఎవరికీ గుర్తుండదు. వల వేసిన పడవ రాత్రిపూట పైన ఎరుపు, కింద తెలుపు దీపం పెట్టాలి, వల ఈడ్చుకుంటూ పోయే ట్రాలర్ అయితే పైన ఆకుపచ్చ. చిన్న నాటు పడవలవాళ్ళకి అంత ఎక్కడిది, ఒక బ్యాటరీ లైటు బెండుకి కడతారు. పైగా మీ పడవ అప్పుడు ఇంజిన్ మీద ఉంది, కాబట్టి రూలు లెక్కలో అది తెరచాప పడవే కాదు, మామూలు ఇంజిన్ పడవ. తప్పుకోవాల్సింది మీరే.

టీచరమ్మ, పాలమూరు:
మగ్గంగుంత గారూ, ఆగి వెతికారా మరి?

మగ్గంగుంత, గట్టుప్పల్:
లేదు మేడం. చుట్టూ పడవేదీ కనపడలేదన్నది నిజమే, కానీ మేం చూడలేదన్నది కూడా నిజమే. గాలి వచ్చింది, పోయాం. పొద్దున పుణే అక్క ఒక్కతే అడిగింది, వెంగుర్లాలో ఎవరికైనా ఫోన్ చేసి చెప్దామా అని. కెప్టెన్ ఎవరికని చెప్తాం అన్నాడు. నేనేమీ అనలేదు. నా కాపలాలో జరిగింది, మాట్లాడాల్సింది నేనే.

అన్నా, మా ఇంట్లో ఒకసారి ఎలుకలు కొట్టి పడుగు మొత్తం పోయింది, నాన్న రెండు రోజులు ఎవరితో మాట్లాడలేదు. ఇక్కడ మీరు రాసింది చదివేదాకా ఆ రెండూ ఒకటే అని నాకు తట్టలేదు, సిగ్గుగా ఉంది.

ఫ్యాను నుంచి తీసిన వల ముక్క ఒకటి నా సంచిలో వచ్చింది, ఎందుకు పెట్టుకున్నానో తెలియదు. ఇప్పుడు బయటికి తీశాను. నీలం రంగు నైలాన్. ఒక మూల ముడులు వేరుగా ఉన్నాయి, విప్పి చూస్తే అదే ముడి, అమ్మ వేసేది, కెప్టెన్ చూపించిందీ. ఫొటో పెడుతున్నాను చూడండి.

పుట్టి_మక్తల్:
ఫొటో తెరుచుకుంది. చిన్న కళ్ళ వల.

వలలమనిషి, వైజాగ్ కాలనీ:
పెద్దది చేసి చూశాను. వల మిషన్‌ది. ఎడమ మూల నాలుగు కళ్ళు చేత్తో అల్లినవి, నువ్వన్న ముడి అక్కడే ఉంది. మేమూ అదే వేస్తాం. ముడులన్నీ అటువైపు తిరిగాయి చూడు, అల్లినోడు ఎడమచేతి వాటం.

ఆ నాలుగు కళ్ళ కింద కోత ఉంది, గమనించావా. అది మీ కత్తిది కాదు, పోగు చివర్లు నల్లబడ్డాయి, పాతది. మీకంటే ముందు ఇంకెవరో కోసి పోతే కూచొని బాగు చేసుకున్నాడు.

ఆ ముక్క పారెయ్యకు. ఆదివారం వీలైతే కాలనీకి రా, వచ్చేటప్పుడు పట్టుకొని రా.